వణకని గ్లాసు

మా క్లినిక్ బయట బోర్డు మీద డాక్టర్ శ్రావణ్య చూసే జబ్బులన్నీ వరసగా రాసి ఉంటాయి. మూర్ఛ, పక్షవాతం, పార్శ్వపు నొప్పి, వణుకుడు, మతిమరుపు, కాళ్ల తిమ్మిర్లు, మెడ నరాల నొప్పి. ఆ బోర్డు రాసిన పెయింటర్ తన సొంత తెలివితో అడుగున 'నరాల బలహీనత' అని కూడా కలిపాడు. ఆ ఒక్క ముక్క వల్ల చాలాకాలం మగవాళ్లు ముఖానికి దస్తీ కట్టుకుని వచ్చి, నన్ను చూసి నీళ్లు నమిలి, 'మొగ డాక్టర్ లేడా అమ్మా' అని అడిగి వెళ్లిపోయేవాళ్లు. చివరికి నేనే తెల్ల రంగు తెచ్చి పూసేశాను. ఇప్పటికీ ఎండ పడితే కింద ఆ అక్షరాలు కనిపిస్తాయి.

నా పేరు జమున. గోదావరిఖని లక్ష్మీనగర్‌లో ఈ క్లినిక్ తెరిచిన రోజు నుంచి ముందుగదిలో బల్ల నాదే. పేర్లు రాస్తాను, బీపీ చూస్తాను, అరిచేవాళ్ల మీద తిరిగి అరుస్తాను. మేడంకు కోపం రాదు. మంథని పంతుళ్ల ఇంట పుట్టిన మనిషి, ఎవరినైనా 'గారు' అనే పిలుస్తుంది. ఆమెకు లేని కోపం నా దగ్గర ఇద్దరికి సరిపడా ఉంది.

నరాల డాక్టర్ దగ్గరికి మావాళ్లు ఇంకెక్కడికీ పోవడానికి దారి లేనప్పుడు వస్తారు. పక్షవాతం వచ్చినవాణ్ని ముందు పసరు మందుకు తీసుకుపోయి, పథ్యం అంతా అయ్యాక, చెయ్యి కట్టెలా బిగిశాక ఇక్కడికి మోసుకొస్తారు. మూర్ఛ వచ్చే ఆడపిల్ల చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టి, విషయం పక్కింటికి తెలియకుండా దాచి, పొయ్యి మీద పడి కాలాక తీసుకొస్తారు. నైట్ షిఫ్టులు చేసి చేసి నిద్ర ఎలా పోవాలో మరిచిపోయినవాళ్లు వస్తారు. తట్టలు మోసి మెడలో నరం నలిగినవాళ్లు వస్తారు. మేడం అందరినీ ఓపికగా చూస్తుంది. నేను వాళ్లను తీసుకొచ్చినవాళ్లను తిడతాను.

ఇదంతా ఏ ఊళ్లోనైనా ఉండేదే. మా ఊళ్లో మాత్రమే ఉండే రోగులు ఇంకో రకం ఉన్నారు. వాళ్లు జబ్బు తగ్గించుకోవడానికి రారు, జబ్బు రాయించుకోవడానికి వస్తారు.

బొగ్గుగనిలో చేసేవాడు జబ్బు వల్ల పనికి పనికిరాడని కంపెనీ డాక్టర్ల బోర్డు తేలిస్తే, అతని బదులు కొడుక్కో కూతురికో నౌకరి వస్తుంది. రిటైర్మెంట్ మరీ దగ్గర పడితే ఆ దారి మూసుకుపోతుంది. దీన్నే మావాళ్లు అన్‌ఫిట్ కావడం అంటారు. 'మీ నాయన అన్‌ఫిట్ అయిండా' అని ఎవరైనా అడిగితే అది పరామర్శ కాదు, మిఠాయి ఎప్పుడు పెడతావని అడగడం. వేరే ఊళ్లో డాక్టర్ 'నీకేం లేదు పో' అంటే దేవుడికి కొబ్బరికాయ కొడతారు. మా క్లినిక్‌లో ఆ మాట విని ఏడ్చినవాళ్లను నేను చూశాను.

మేడం దొంగ చీటీ రాయదు. అందుకని ఆమెకు ఊళ్లో చెడ్డపేరు. 'పంతులు బిడ్డ మడి కట్టుకొని కూసుంది, మన కడుపు ఆమెకేం తెలుసు' అనేవాళ్లు. లేని జబ్బుకు చీటీ రాసే డాక్టర్లు వేరే ఊళ్లలో దొరికేవారు. ఆ చీటీకి తగ్గట్టు బోర్డు ముందు ఎలా ఉండాలో నేర్పడానికి మా కాలనీలోనే ఒక గురువు ఉండేవాడు. ఆయన పేరు ఆగయ్య.

ఆగయ్య కాక ఒకప్పుడు కోల్ కట్టర్. చెయ్యి వణుకుతుందని చెప్పి అన్‌ఫిట్ అయ్యాడు, కొడుకు అదే గనిలో చేరాడు. ఆ తర్వాత కూడా చాలా రోజులు కంపెనీ జీపు కనిపిస్తే చాలు కాక కుడిచెయ్యి లేచి ఆడేది. జీపు మలుపు తిరిగాక ఆగేది. పెళ్లి బంతుల్లో అదే చేత్తో పులుసు ఒక్క చుక్క కారకుండా వడ్డించేవాడు. బోర్డుకు పోబోయే ప్రతివాడూ టీ హోటల్ వెనక బల్ల దగ్గర ఆయన పాఠం వినాల్సిందే. "గ్లాసు నిండ నీళ్లు పోసి ఇస్తరు. సగం నీ అంగి మీద పడాలె, పావు వంతు డాక్టర్ బల్ల మీద పడాలె. మిగిలింది తాగి దగ్గాలె," అనేవాడు. పైసా తీసుకునేవాడు కాదు. తనకు తెలిసిన విద్య పదిమందికి ఉపయోగపడుతోందని ఆయన సంతోషం.

ఆయన్ని నలుగురిలో పట్టుకుని ఆటపట్టించేవాడు ఒక్కడే, మొయినుద్దీన్. నేను చెప్పబోయేది మొయిన్ భాయ్ సంగతి.

మొయిన్ భాయ్ క్వార్టర్ మా వరసలోనే, రెండిళ్ల అవతల. తండ్రి అబ్దుల్ వహాబ్ కమాన్‌పూర్‌లో సైకిళ్లు బాగుచేసేవాడు. కొడుకు మీసాలు వచ్చీరాగానే రానివాళ్ల బదులు పనిచేసే బదిలీ కూలీగా గనిలో దిగి, టింబర్‌మన్ అయ్యాడు. అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దిమ్మెలు పెట్టేవాడు. ముందు ఇనుప కడ్డీతో కప్పును కొట్టి, ఆ చప్పుడు విని, నిలబడవచ్చో లేదో చెప్పాలి. మా ఆయన రఘుపతి అదే గనిలో పంపు ఆపరేటర్. "మొయిన్ భాయ్ సరే అన్నడంటె నేను దాని కిందనే టిఫిన్ డబ్బా తెరుస్త," అనేవాడు. అంతకంటే పెద్ద మెప్పు గనిలో లేదు.

మనిషి నోరు మాత్రం కత్తి. ఆగయ్య కాక రెండు చేతులా నీళ్ల బకెట్లు మోసుకుపోతుంటే, "ఏం కాకా, ఇయ్యాల చెయ్యికి సెలవా?" అని అడిగేవాడు. "నీ బిడ్డకు నౌకరి కావాలంటె నా దగ్గరికే రావాలె మొయినూ," అనేవాడు కాక. "నా బిడ్డ చదువుతోని తెచ్చుకుంటది, నా చేతితోని కాదు," అనేవాడు ఈయన. వరసంతా నవ్వేది. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆ బిడ్డ అఫ్షీన్. ఒక్కతే కూతురు. బీఎస్సీ ఫస్టు క్లాసులో పాసై, ఏ నౌకరీ దొరక్క చౌరస్తాలో జిరాక్స్ షాపులో నిలబడి కాగితాలు తీసేది. చదువుతో వచ్చేది ఏమిటో ఆ ఇంటికి అప్పటికే అర్థమైంది.

జబ్బు చప్పుడు చేయకుండా వచ్చింది. మొదట ముక్కు పోయింది. పొయ్యి పక్కనే కూర్చుని ఉండగా పాలు మాడి ఇల్లంతా కంపు కొట్టినా భాయ్‌కి తెలియలేదు. రబియా బీ, ఆయన భార్య, కోపం వచ్చి గిన్నె విసిరేసింది. తర్వాత కుడి చెప్పు ముందు భాగం అరగడం మొదలైంది, కాలు ఈడుస్తున్నాడు. అంత నవ్వించే మనిషి ముఖంలో నవ్వు కనిపించడం మానేసింది. మసీదులో నమాజు చివర చేతులు తొడల మీద పెట్టుకుని కూర్చున్నప్పుడు కుడిచెయ్యి వణుకుతుంటే, పక్కనున్న ముసలాయన చలి అనుకుని తన శాలువా కప్పాడట. భుజం నొప్పి అని కంపెనీ దవాఖానలో ఎన్నాళ్లో ఇంజెక్షన్లు వేయించుకున్నాక, నేనే పోరి మా క్లినిక్‌కు తీసుకొచ్చాను.

మేడం ఆయన్ని వరండాలో నడిపించి చూసింది. ఎడమచెయ్యి ఊగుతోంది, కుడిచెయ్యి ఒంటికి అతుక్కుని ఉంది. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకోమంది. కాసేపటికి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు వాటంతట అవే కదలసాగాయి, కనిపించని తస్బీ పూసలు తిప్పుతున్నట్టు. నూరు నుంచి వెనక్కి లెక్కపెట్టమంటే ఆ కదలిక ఇంకా ఎక్కువైంది. అప్పుడు బల్ల మీది నీళ్ల గ్లాసు తీసుకోమంది. చెయ్యి గ్లాసును తాకగానే వణుకు ఆగిపోయింది. ఒక్క చుక్క ఒలకలేదు.

"ఆగిపోయింది గద మేడం," అన్నాడు మొయిన్ భాయ్. "అంటె ఏం లేనట్టేనా?"

"అదే దీని గుర్తు, మొయినుద్దీన్ గారు. పని చేస్తుంటే ఆగుతది, ఊరికే ఉంటే వస్తది. దీన్ని పార్కిన్‌సన్ జబ్బు అంటరు," అంది మేడం. "మెదడులో తయారయ్యే ఒక రసం తగ్గిపోతది. అది తగ్గితే నడక నెమ్మదిస్తది, ముఖం బిగుస్తది, వాసన తెలువదు. పూర్తిగా పోయే జబ్బు కాదు, మాత్రలతోని చాలా ఏండ్లు అదుపుల పెట్టొచ్చు. కానీ మీరు ఇగ గని కిందికి దిగొద్దు. ఏమన్న మీద పడితే చటుక్కున తప్పుకోలేరు. నేను బోర్డుకు రాసిస్త."

ఆ చివరి మాట వినగానే రబియా బీ ముఖం చూశాను. మొదట భయం, దాని వెనకే ఆశ. మొగుడికి పోని జబ్బు వచ్చిందని చెబుతుంటే ఆశపడే ఆడదాన్ని బయటివాళ్లు ఏమంటారో నాకు తెలుసు. నేను ఏమీ అనను. ఆమెకు ఆ ఆశ నేర్పింది మా ఊరే.

మేడం రిపోర్టు పూర్తిగా రాసింది. నిలకడగా ఉన్నప్పుడు వణుకు, పని చేసేటప్పుడు ఆగుతుంది, కదలికలు నెమ్మది, గనిలో పని ప్రమాదం, అని. బోర్డు తేదీ వచ్చాక మళ్లీ పిలిపించి చెప్పింది. "బోర్డు ముందు మీరు ఏం చెయ్యొద్దు. చేతులు ఒళ్లో పెట్టుకొని ఊరికే కూర్చోండి. మిగతాది వాళ్లకు కనిపిస్తది. మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా ఆపొద్దు, ఆపితే ప్రాణం మీదికి వస్తది."

ఊరికే కూర్చోండి. ఈ మాట మా ఊళ్లో ఎవరికి రుచిస్తుంది? ఊరికే కూర్చుంటే ఎవడికి ఏం వచ్చింది ఇక్కడ?

ఆ సాయంత్రం రబియా బీ స్టీలు గ్లాసు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "ఇంట్ల పదిసార్లు పట్టిచ్చి చూసిన జమునా. గ్లాసు పట్టుకుంటె చెయ్యి రాయి లెక్క ఆగుతంది. బోర్డోళ్లు ఎట్ల నమ్ముతరు? వణుకుడు అని రాసిచ్చి, గ్లాసు వణకకపోతె దొంగ అనరా?"

"మేడం అదే గుర్తని చెప్పింది గద రబియా ఆపా," అన్నాను.

"మేడం చెప్తది. బోర్డుల కూసునేది మేడం కాదు."

మరునాడు ఆగయ్య కాకను వాళ్లింటికి పిలిచారు. నేనూ వెళ్లాను, వద్దని చెప్పడానికి. మొయిన్ భాయ్ మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. కాక కళ్లజోడు పెట్టుకుని, ఒళ్లో వణుకుతున్న ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. గ్లాసు ఇచ్చాడు. వణుకు ఆగింది. మళ్లీ తీసుకున్నాడు. వణుకు వచ్చింది. పెదవి విరిచాడు.

"ఇది పనికి రాదు మొయినూ," అన్నాడు. "అక్కర లేనప్పుడు ఆడుతంది, అక్కరకొచ్చే తాన ఆగుతంది. గిట్ల పోతె నిన్ను గేటు కాడనే మర్లగొడుతరు."

నిజమైన జబ్బును పట్టుకుని దొంగ జబ్బువాడు తప్పులు దిద్దాడు. నా నోరు ఊరుకోలేదు. "కాకా, నువ్వు నేర్పింది లేనోళ్లకు పనికొస్తది. ఉన్నోనికి ఎందుకు?" అన్నాను.

"ఉన్నదా లేదా అని ఎవరు చూస్తరు బిడ్డా? ఆడుతందా లేదా అని చూస్తరు," అన్నాడు కాక. ఆ ఇంట్లో నా మాట కంటే ఆయన మాటకే బరువు ఎక్కువ. ఎందుకంటే ఆయన కొడుక్కు నౌకరి వచ్చింది.

మొయిన్ భాయ్ ఒక్కటే మాట అన్నాడు, గోడ వైపు చూస్తూనే. "నేను చెయ్య. ఇన్నేండ్లు ఈయన్ని చూసి నవ్విన, ఇయ్యాల ఈయన లెక్క ఆడాల్నా?"

అప్పటిదాకా మూల నిలబడ్డ అఫ్షీన్ వచ్చి తండ్రి కాళ్ల దగ్గర కూర్చుంది. ఆ పిల్ల చదువుకున్నది. మేడం రిపోర్టు అక్షరం పొల్లుపోకుండా చదివింది, నెట్‌లో కూడా చూసింది, ఆ జబ్బు ఎలా ఉంటుందో ఆ ఇంట్లో అందరికంటే బాగా ఆమెకే తెలుసు. "అబ్బా, ఏక్ బార్," అంది. నాన్నా, ఒక్కసారి, అని. "ఇంకొకసారి బోర్డుకు పోయే టైం లేదు అబ్బా. మీ సర్వీసు అయిపోవస్తంది. క్వార్టర్ పోతది. నేను జీవితమంత జిరాక్సులు తీసుకుంట ఉండాల్నా?"

ఆయన కూతురి తల మీద చెయ్యి వేశాడు. తల మీద ఉన్నంతసేపు ఆ చెయ్యి వణకలేదు. తర్వాత కాక వైపు తిరిగి, "ఎట్ల పట్టాలె చెప్పు," అన్నాడు.

వారం పాటు ఆ ఇంట్లో పాఠం జరిగింది. భాయ్‌కి రాలేదు. అబద్ధం అలవాటు లేనివాడి చెయ్యి కదా, అడిగినప్పుడు ఆడేది కాదు. నీళ్లు ఒలికించమంటే గ్లాసు వంచేసేవాడు. కాక విసుక్కునేవాడు. రబియా బీ నేల తుడిచేది. తడి చొక్కా దండెం మీద రోజూ ఆరేది, వరసలో అందరికీ కనిపించేలా.

బోర్డు సంగతి అఫ్షీన్ నాకు చెప్పింది, తిరిగి వచ్చిన మర్నాడు, క్లినిక్ మెట్ల మీద కూర్చుని.

పొద్దున మేడం చెప్పినట్టే మాత్ర వేసుకుని వెళ్లారు. మాత్ర పనిచేసింది. ఒళ్లో ఉన్న చెయ్యి, అసలు వణకాల్సిన చెయ్యి, ఆ పూట నెమ్మదిగా ఉంది. బల్ల వెనక నలుగురు కూర్చున్నారు, వాళ్లలో ఒకాయన నరాల డాక్టర్. గ్లాసు ఇచ్చారు. భాయ్ ఎలాగో ఆగయ్య కాక నేర్పినట్టు ఆడించాడు. నీళ్లు చొక్కా మీద పడ్డాయి, బల్ల మీద పడ్డాయి. నరాల డాక్టర్ కాసేపు చూసి, గ్లాసు అలాగే పట్టుకుని ఎడమచేత్తో బల్ల మీద దరువు వెయ్యమన్నాడు, నెమ్మదిగా, తర్వాత తొందరగా. భాయ్ వేశాడు. కుడిచేతిలో గ్లాసు కూడా అదే దరువుకు ఆడింది. దరువు ఆపమంటే గ్లాసూ ఆగింది. నిజమైన వణుకు ఇంకో చేతి దరువుకు మారదట.

"వాళ్లు నవ్వలేదు ఆంటీ," అంది అఫ్షీన్. "నవ్వినా బాగుండేది. ఒకాయన, ఇంకొకలను పిలువుమని బెల్లు కొట్టిండు. చేతులు ఒళ్లో పెట్టుకుంట సార్, జర చూడుండ్రి అని అబ్బా అన్నడు. ఎవరు చూడలేదు."

ఫిట్, అని వచ్చింది. కింద, రోగం నటిస్తున్నాడు అని అర్థం వచ్చే మాట ఒకటి.

మేడం గదిలో ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు మొదటిసారి ఆమె గొంతు లేవడం విన్నాను. "మీకు నిజంగా జబ్బు ఉంది మొయినుద్దీన్ గారు. ఉన్న మనిషి అబద్ధం ఎందుకు నేర్చుకున్నరు?"

"నిజం సరిపోదన్నరు మేడం," అన్నాడు ఆయన.

ఆమె మళ్లీ రాసింది. పై ఆఫీసుకు రాసింది, కనీసం గని పైన పని ఇవ్వమని రాసింది. జవాబు రాలేదు. పైగా అప్పట్నుంచి ఆమె రాసిన ప్రతి చీటీ మీద అనుమానమే. దొంగ చీటీ రాయనందుకు తిట్టిన ఊరే ఇప్పుడు 'ఆమె కూడ గంతేనట, మొయిన్‌కు రాసిచ్చిందట' అని చెవులు కొరుక్కుంది. మడి కట్టుకుందన్న నోళ్లతోనే మడి జారిందన్నారు.

ఇక భాయ్ పేరు చెప్పనే అక్కర్లేదు. మా ఊళ్లో ఆడించడం తప్పు కాదు, పట్టుబడటం తప్పు. ఆగయ్య కాక పెద్దమనిషిగా టీ హోటల్లో కూర్చునే ఉన్నాడు. మొయినుద్దీన్ మాత్రం 'గ్లాసు భాయ్' అయ్యాడు. ఆయన కడ్డీతో కప్పు కొట్టి సరే అంటే, కుర్రవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మళ్లీ కొట్టి చూసేవాళ్లట. ఈ సంగతి మా ఆయన అన్నం తింటూ చెప్పి, చెయ్యి కడిగేసుకున్నాడు.

గనిలో ఒకరోజు పక్కగోడ నుంచి బొగ్గు పెళ్ల జారింది. అందరూ దూకారు. భాయ్ కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. ఆ జబ్బులో అలాగే జరుగుతుంది, మెదడు పొమ్మంటుంది, పాదం వినదు. మా ఆయన వెనక్కి వచ్చి నడుం పట్టి లాగాడు, అయినా పెళ్ల అంచు తగిలి భుజం ఎముక విరిగింది. దవాఖానలో ఆయన పడి ఉంటే చూడటానికి వచ్చినవాళ్లు బయట వరండాలో ఏమనుకున్నారో నేను విన్నాను. మళ్లీ బోర్డుకు పోవడానికి కావాలనే నిలబడ్డాడట. ఈ మాట అన్నవాడి పేరు నాకు తెలుసు. వాడు బీపీ చూపించుకోవడానికి వస్తే ఇప్పటికీ పట్టీ కాస్త గట్టిగానే బిగిస్తాను.

ఎముక అతుక్కుంది. మళ్లీ డ్యూటీ. తర్వాత కొన్నాళ్లకు రిటైర్మెంట్ రానే వచ్చింది.

మా గనుల్లో దిగిపోయే రోజు పండగలా చేస్తారు. డప్పులు కొట్టి, పూలదండ వేసి, గని ఆఫీసు ముందు షామియానా కింద కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పుతారు. ఇంటివాళ్లను కూడా పిలుస్తారు. రబియా బీ కొత్త బుర్ఖా వేసుకుని వచ్చింది. అఫ్షీన్ షాపు నుంచి తిన్నగా వచ్చింది, వేళ్లకు ఇంకు మరక కూడా పోలేదు. నేను మా ఆయనతో వెళ్లాను. ఆగయ్య కాక ముందు వరసలోనే ఉన్నాడు, ఒళ్లో మిర్చీల పొట్లం పెట్టుకుని.

భాయ్‌ని కుర్చీలో కూర్చోబెట్టారు. దండ వేశారు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు, మేడం ఎప్పుడో చెప్పినట్టు. హడావిడిలో మధ్యాహ్నం మాత్ర మరిచిపోయినట్టున్నాడు. కుడిచెయ్యి వణకడం మొదలైంది. తస్బీ తిప్పుతున్నట్టు బొటనవేలు, చూపుడువేలు. తర్వాత మణికట్టు. తర్వాత చెయ్యంతా. శాలువా కుచ్చులు కదులుతున్నాయి. ఏది బోర్డు ముందు కనిపించాల్సిందో అది, అంతా చెయ్యి దాటిపోయాక, ఊరందరి ముందు కనిపిస్తోంది.

యూనియన్ పిట్ సెక్రటరీ మైకులో ఆయన సర్వీసు గురించి నాలుగు మంచి మాటలు చెప్పాడు. చెబుతూ చెబుతూ పక్కకు చూశాడు. చూసి నవ్వాడు. "భాయ్, ఇయ్యాల్టితోని డ్యూటీ అయిపాయె," అన్నాడు మైకులోనే. "ఇగ బోర్డు లేదు, గ్లాసు లేదు. ఇగనన్న చెయ్యి ఆపు."

షామియానా అంతా ఒక్కసారి నవ్వింది. చెడ్డవాళ్లు కూడా కాదు ఆ నవ్వినవాళ్లు. ఆయన కడ్డీ చప్పుడు నమ్ముకుని ఇన్నేళ్లు బతికి ఇంటికి వచ్చినవాళ్లే.

భాయ్ ముఖం కదలలేదు. ఆ జబ్బు ముఖానికి ఏడుపు కూడా రానివ్వదు. రెండు మాటలు మాట్లాడమని మైకు చేతికిచ్చారు. పట్టుకోగానే చెయ్యి ఆగింది. "జూసిన్రా, ఎట్ల ఆగిందో," అని వెనక నుంచి ఎవడో అరిచాడు. ఈసారి చప్పట్లు కూడా పడ్డాయి. ఆయన మైకు వైపు చూశాడు, చేతి వైపు చూశాడు. "అందరికి సలాం," అని మైకు తిరిగి ఇచ్చేశాడు. ఇచ్చిన చెయ్యి ఒళ్లోకి రాగానే మళ్లీ మొదలైంది.

నా పక్కన కూర్చున్న ఆవిడతో, "అది నిజమైన రోగం," అన్నాను. "నువ్వు ఆ దవాఖానలనే పని చేస్తవ్ గద, గట్లనే అంటవ్," అందామె.

అప్పుడు ఆగయ్య కాకను చూశాను. ఆయన నవ్వడం లేదు. మిర్చీ సగం కొరికి, మెడ ముందుకు చాచి ఆ చేతినే చూస్తున్నాడు. లేచి వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను.

"ఇది నేను నేర్పింది కాదు బిడ్డా," అన్నాడు మెల్లగా. "ఇంత మందికి నేర్పిన. ఇంత సన్నగ, ఇంతసేపు, ముఖం కదలకుంట, ఎవ్వనికి రాదు. నాకు రాదు. ఇది నేర్పితె వచ్చేది కాదు."

"లేచి ఆ మాట మైకుల చెప్పు కాకా," అన్నాను. "నేను చెప్తె నమ్మరు, మేడం చెప్తె నమ్మరు. వణుకుడు సంగతి నువ్వు చెప్తె ఊరంత నమ్ముతది."

కాక నా వైపు తిరిగాడు. ఆయన మాట ఊరు ఎందుకు నమ్ముతుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అటు చివర నీళ్ల క్యాన్లు మోస్తున్న కొడుకు వైపు చూశాడు. తండ్రి వణికి తెచ్చిన నౌకరీలో ఆరోజు ఫస్టు షిఫ్టు చేసి వచ్చినవాడు.

"వాని నౌకరి ఉన్నది గద బిడ్డా," అన్నాడు.

వేదిక మీద అఫ్షీన్ తండ్రి కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆయన కుడిచేతిని తన రెండు చేతులతో పట్టుకుంది. అది ఆమె చేతుల్లో కూడా ఆడుతూనే ఉంది. డప్పులు మొదలయ్యాయి. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆగయ్య కాక మిర్చీల పొట్లం కుర్చీలో పెట్టి, లేచి, రెండు చేతులూ చక్కగా కలిపి అందరితో పాటు చప్పట్లు కొట్టాడు.